సిటీవెస్ట్ కాలిబాటలో ఆ అరుపు

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళి టీ పెట్టుకునే రకం నేను. జగిత్యాలలో చదువుకునే రోజుల్లో హాస్టల్ పిల్లలంతా దుప్పట్లు కప్పుకుని అలాంటి కథలు చెప్పుకుంటుంటే, నాకు నవ్వు కూడా వచ్చేది కాదు, నిద్ర వచ్చేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో నేను చేసే పని టెస్టింగ్. ఫలానా చోట తప్పు జరిగిందని ఎవరైనా అంటే, మళ్ళీ జరిపించి చూపించమంటాను. చూపించలేకపోతే దాన్ని పక్కన పడేస్తాను.

ఇక్కడ రాయబోయేదాన్ని నేను మళ్ళీ జరిపించి చూపించలేను. అందుకే ఇన్నాళ్ళు రాయలేదు. అందరి పేర్లూ మార్చాను.

మేం ఉండేది ఐర్లాండ్‌లో, డబ్లిన్ అంచున సిటీవెస్ట్‌లో. నేను, నా భార్య మాధవి, పదేళ్ళ కూతురు ఆద్య. మా బ్లాకులో కింది అంతస్తులో మార్టిన్ అంకుల్ తన కూతురు కెర్స్టిన్‌తో ఉండేవారు. ఎనభై ఐదు దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, వాకర్ పట్టుకుని నడిచేవారు. ఎండ కాస్తే చాలు, వాకిట్లో బెంచీ మీదకు వచ్చి కూర్చునేవారు. ఆద్య ఆయన్ని "అంకుల్" అని పిలిచేది. ఆ పిలుపు ఆయనకు నచ్చింది. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను.

యాసను బట్టి జర్మనీ ఆయన అనుకున్నాను. కాదన్నారు. ఇప్పటి రుమేనియాలో ఉన్న ట్రాన్సిల్వేనియా అన్నారు. ఆ పేరు వినగానే అందరిలాగే నేనూ రక్తం తాగే వాళ్ళ గురించి ఏదో జోకు వేశాను. ఆయన నవ్వలేదు.

"మా ఊళ్ళో రక్తం తాగేవాళ్ళు ఎవరూ లేరు. కారిన రక్తం మాత్రం చాలా ఉంది" అన్నారు.

మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషులో. నాకు గుర్తున్నంత వరకు తెలుగులో రాస్తున్నాను. ఆ వేసవిలో ఆయన ఆ ఊరి కథంతా ముక్కలు ముక్కలుగా చెప్పారు.

ఎనిమిది వందల ఏళ్ళ కిందట హంగరీ రాజుకు తూర్పు సరిహద్దు పెద్ద బెంగగా ఉండేదట. కొండల అవతలి నుంచి గుర్రాల మీద దండులు వచ్చి కొల్లగొట్టి పోయేవి. అడవి కొట్టి పొలం చేసేవాళ్ళు, అవసరమైతే కత్తి పట్టేవాళ్ళు అక్కడ ఉండాలి. వచ్చి స్థిరపడితే భూమి ఇస్తానని, మీ తగవులు మీరే తీర్చుకోవచ్చని, మీ పాస్టరును మీరే ఎన్నుకోవచ్చని రాజు పడమటి దేశాలకు కబురు పంపాడు. రైన్, మోసెల్ నదుల వైపు నుంచి జర్మన్ మాట్లాడే రైతులు, కమ్మరులు బండ్లు కట్టుకుని నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చారు. వాళ్ళకు సాక్సన్లు అని పేరు పడింది. రాజుగారి పత్రాల్లో మాత్రం వాళ్ళను "అతిథులు" అని రాశారట.

"ఎనిమిది వందల ఏళ్ళూ అతిథులమే" అనేవారు అంకుల్. "నువ్వు వచ్చి ఎన్నాళ్ళయింది శేఖర్?"

"తొమ్మిదేళ్ళు అంకుల్."

"అయితే ఇంకా చాలా ఉంది" అని భుజం తట్టేవారు.

వాళ్ళ ఊరికి ఒకటే వీధి. రెండు పక్కలా ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని, మధ్యలో ఎత్తయిన గేట్లతో, కోటగోడలా ఉండేవి. వీధి మధ్యలో చర్చి. చర్చి చుట్టూ మూడు నిలువుల గోడ. ఆ గోడ లోపలి వైపు ప్రతి కుటుంబానికీ ఒక గది ఉండేది. అందులో ధాన్యం, ఎండబెట్టిన పంది మాంసం దాచేవారు. తాతార్లో టర్కులో వస్తున్నారని తెలిస్తే గంట మోగేది. ఊరంతా పశువులతో సహా గోడ లోపలికి దూరేది. ఆడవాళ్ళు పైనుంచి మరిగే నీళ్ళు పోసేవారు. అవి అయిపోతే తేనెపట్టు బుట్టలు విసిరేవారు. ఒక్కోసారి గోడ నిలబడింది, ఒక్కోసారి లేదు. నిలబడనప్పుడు ఊరు కాలిపోయింది. అంకుల్ వాళ్ళ నాన్న గోడ బాగు చేయడానికి పునాది తవ్వితే పుర్రెలు బయటపడ్డాయట. వాటిలో చిన్నవీ ఉన్నాయట.

ఆ తర్వాత మహమ్మారి వచ్చి సగం ఇళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ఇళ్ళలోకి ఆస్ట్రియా కొండల నుంచి ఇంకొందరు జర్మన్ మాట్లాడేవాళ్ళను తెచ్చి పడేశారు. మతం మార్చుకోమంటే మార్చుకోనందుకు అక్కడి రాణి వాళ్ళను దేశం నుంచి వెళ్ళగొట్టింది. పసిపిల్లలను తల్లుల చేతుల్లోంచి లాక్కుని, పెద్దవాళ్ళను సైనికుల కాపలాతో పడవలెక్కించారు. అలా వచ్చినవాళ్ళకు ఈ ఊరి పాతవాళ్ళు చర్చిలో చోటు ఇవ్వలేదు. వెనక వేరే బెంచీలు వేశారు. తరాల తరబడి పెళ్ళిళ్ళు కూడా కలుపుకోలేదు. అంకుల్ వాళ్ళమ్మ ఆ వెనక బెంచీల వాళ్ళ అమ్మాయి. నాన్న ముందు బెంచీల వాళ్ళ అబ్బాయి.

రెండో ప్రపంచ యుద్ధం దాకా వచ్చాక ఆయన కథ ఆగిపోయేది. "మా ఊరి కుర్రాళ్ళలో చాలామంది హిట్లర్ సైన్యంలో చేరారు. అది దాచకూడదు" అని ఒక మాట అనేవారు. తర్వాత, "చలిగా ఉంది, లోపలికి పోదాం" అని లేచేవారు. ఎండలో కూడా అదే మాట.

ఆగస్టులో ఒక ఆదివారం నేనూ ఆద్యా సిటీలోకి వెళ్ళి, బడికి బూట్లు కొనుక్కుని లువాస్ ట్రాములో తిరిగొచ్చాం. మధ్యాహ్నం, మంచి ఎండ. ట్రాము స్టాపు నుంచి మా బ్లాకుకు ఒక కాలిబాట ఉంది. ఒక పక్క పొడుగాటి కంచె మొక్కలు, ఇంకో పక్క గోడ. ఆ గోడ మీద ముగ్గురు కుర్రాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒకడి ఒళ్ళో హర్లింగ్ అనే ఇక్కడి ఆట ఆడే, హాకీ స్టిక్ లాంటి కర్ర ఉంది. పదిహేను, పదహారేళ్ళ పిల్లలు. మా మీదకు ఒక కూల్‌డ్రింక్ డబ్బా విసిరి, మీ దేశం పొమ్మన్నారు. అలాంటివి అప్పటికే అలవాటయ్యాయి. ఆద్య చెయ్యి పట్టుకుని నడక పెంచాను.

వెనక బూట్ల చప్పుడు వినిపించి తిరిగాను. కర్ర నా తల మీదకు వస్తోంది. చెయ్యి అడ్డం పెట్టాను. మణికట్టు ఎముక విరిగిన చప్పుడు నా చెవులతో నేనే విన్నాను.

"ఆద్యా, ఉరుకు!" అని అరిచాను. తర్వాత కింద పడ్డాను. డొక్కల్లో, వీపు మీద, తల మీద తన్నులు. పెదవి చీలి నోట్లోకి రక్తం వచ్చింది. ఒకడు నా జుట్టు పట్టి తల లేపి నేలకేసి కొట్టాడు. మోకాళ్ళు ముడుచుకుని తల దాచుకున్నాను. కళ్ళ ముందు వాళ్ళ బూట్లు తప్ప ఇంకేమీ లేవు. చచ్చిపోతానని అనుకోలేదు. ఆద్య చూస్తోందేమో అనుకున్నాను, అంతే.

అప్పుడు వేరే చప్పుడు వినిపించింది. లావుపాటి చెక్కతో ఎముకను కొట్టినట్టు. నా ముందున్న తెల్ల బూటు నేల వదిలి పైకి లేచింది. ఆ కుర్రాడు నా ముఖం పక్కనే పడ్డాడు. కింది దవడ ఒక పక్కకు పోయి ఉంది. నోట్లోంచి రక్తం బుడగలుగా వస్తోంది. అదే చప్పుడు మళ్ళీ వచ్చింది, ఇంకోసారి వచ్చింది. ఎవరో పెద్దగా అరిచారు. తర్వాత ఆ పిల్లల ఏడుపు తప్ప ఏమీ లేదు.

లేచి చూస్తే ఇద్దరు నేల మీద ఉన్నారు. మూడోవాడు వేలాడుతున్న చెయ్యి పట్టుకుని గోడ వెంట పాకుతున్నాడు. హర్లింగ్ కర్ర నిలువునా రెండు పేళ్ళుగా చీలి పడి ఉంది. ఆద్య కరెంటు పెట్టె వెనక నిలబడి ఉంది. మేమూ ఆ ముగ్గురూ తప్ప అక్కడ ఇంకెవరూ లేరు.

అంబులెన్సులో ఆసుపత్రికి చేర్చారు. మాధవి పరుగెత్తుకొచ్చింది. "ఎవలు కొట్టిన్రు? గింత రక్తమేంది?" అని మాత్రం అడగగలిగింది. ఆ పక్క గదిలోనే ఆ ముగ్గురికీ కట్లు కడుతున్నారని ఆమెకు అప్పుడు తెలియదు.

రెండు రోజుల తర్వాత గార్డ్స్ వచ్చారు. ఇక్కడ పోలీసులను అలాగే అంటారు. సార్జెంటు మర్యాదగల మనిషి, నడివయసు ఆవిడ. మొదట నా దెబ్బల గురించి రాసుకుంది. తర్వాత పెన్ను కింద పెట్టి అడిగింది.

"మీకు సాయం వచ్చిన మనిషి ఎవరు?"

ఎవరూ రాలేదన్నాను. ముగ్గురు కుర్రాళ్ళనూ వేర్వేరుగా అడిగారట. ముగ్గురూ ఒకే మనిషిని చెప్పారట. తెల్లటి మందపాటి ప్యాంటు, గొర్రెతోలు కోటు, ముఖం నిండా రక్తం. ఒక కాలికే బూటు ఉంది, రెండో కాలు ఉత్తిది. చేతిలో మనిషంత పొడుగు దూలం. ముప్పై ఏళ్ళుంటాయని ఒకడు అన్నాడట. ఇంకా చిన్నవాడే అని ఇంకొకడు అన్నాడట.

"దవడ రెండు చోట్ల విరిగింది. ఒకడికి భుజం ఎముక, ఒకడికి ముంజేయి. వాళ్ళు చేసింది తప్పే. కానీ ఇది కూడా నేరమే. మీ స్నేహితుణ్ణి దాచకండి" అంది.

ట్రాము స్టాపు కెమెరాలో ఆ కాలిబాటలోకి మేమూ ఆ కుర్రాళ్ళూ తప్ప ఎవరూ వెళ్ళలేదు. రెండో చివర ఉన్న కెమెరాలో ఎవరూ బయటకు రాలేదు. ఎదురింటి డోర్‌బెల్ కెమెరాకు కంచె అడ్డం వచ్చింది, మాటలు మాత్రం రికార్డయ్యాయి. ఆవిడ దాన్ని ఫోనులో వినిపించింది.

మొదట నా గొంతు. "అమ్మా! అమ్మా!" అని. నేను అలా అరిచానని అప్పటిదాకా నాకే తెలియదు.

"అమ్మా అంటే ఎవరు?"

"మా తల్లి."

"ఆమె అక్కడ ఉన్నారా?"

"లేదు, ఆమె ఇండియాలో ఉంది. దెబ్బ తగిలితే మేం అలాగే అంటాం."

ఆ తర్వాత చెక్క దెబ్బ. ఆ వెంటనే ఇంకో మగగొంతు, చించుకుని అరుస్తున్నట్టు. రెండు మూడు మాటలు. అది నాది కాదు, ఆ కుర్రాళ్ళదీ కాదు.

"ఇది మీ భాషా?"

కాదన్నాను. ఆవిడ నాలుగైదుసార్లు వినిపించింది. ఆ శబ్దాలు నా చెవిలో నిలిచిపోయాయి.

ఆద్యను కూడా అడిగారు, మేం పక్కన ఉండగానే. అది తన ఐరిష్ యాసలో ఒకటే మాట చెప్పింది. ఎవరూ లేరు, వాళ్ళకు దెబ్బలు వాటంతటవే తగిలాయి, ఒకడు గాల్లోకి లేచాడు. సార్జెంటు నా వైపు చూసిన చూపు నాకు అర్థమైంది. పిల్లకు మేమే నేర్పించామనుకుంది. అప్పటికి మా పౌరసత్వం దరఖాస్తు ఇంకా తేలలేదు. దాడి కేసులో నిందితుణ్ణి దాచానంటే అది ఏమవుతుందో మాకు తెలుసు.

ఆ సాయంత్రం మాధవి ఆద్యను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఎవడో ఒకడు వచ్చిండు, కొట్టిండు, ఉరికిండు అని చెప్పరాదు బిడ్డా? గంతే. డాడీకి ఏం గాదు."

"బట్ దేర్ వాజ్ నోబడీ, మమ్మీ."

"ఉన్నడని ఆ పోరలే చెప్తున్నరు గదా!"

"ఐ వాజ్ లుకింగ్ ద హోల్ టైమ్" అని ఆద్య ఏడ్చేసింది. ఇక ఆ మాట ఎత్తొద్దని మాధవికి చెప్పాను.

చేతికి కట్టుతో బెంచీ దగ్గరికి వెళ్ళిన రోజు మార్టిన్ అంకుల్ ముందు తిట్టారు. నన్ను కాదు, ఆ కుర్రాళ్ళను. ఆయన కిటికీ ఆ కంచె వైపే ఉంటుంది. వినికిడి మిషను తీసేసి నిద్రపోయానని, తనకేమీ వినపడలేదని బాధపడ్డారు. మాటల్లో రికార్డింగ్ సంగతి చెప్పాను. చెవిలో నిలిచిపోయిన ఆ శబ్దాలను వచ్చినట్టు పలికి చూపించాను.

ఆయన మళ్ళీ పలకమన్నారు. పలికాను. ఒక అక్షరం ఆయనే సరిదిద్దారు. సరిదిద్దాక నాకు తెలిసింది, రికార్డింగ్‌లో ఉన్నది సరిగ్గా అదే.

అది జర్మన్ కాదు, వాళ్ళ ఊరి సాక్సన్ యాస అన్నారు. కెర్స్టిన్‌కు కూడా సరిగా రాదట. ఆ మాటలను ఎక్కడా రాయవద్దని ఆయన అడిగారు కాబట్టి రాయడం లేదు. అర్థం మాత్రం చెప్పొచ్చన్నారు. "వదలండి, ఆమె మా అమ్మ."

ఆ రోజు ఆయన యుద్ధం దగ్గర ఆగలేదు.

యుద్ధం చివరి జనవరిలో సోవియట్ సైనికులు, రుమేనియా పోలీసులు కలిసి ఊరిని చుట్టుముట్టారు. జర్మన్ మాట్లాడేవాళ్ళలో పనిచేయగల వయసు ఆడామగా అందర్నీ గనుల్లో పనికి పట్టుకుపోవాలని ఆజ్ఞ. అంకుల్‌కు అప్పుడు ఏడేళ్ళు. ఆయన అన్న మిష్‌కు పద్దెనిమిది. మిష్ చర్చి గోడలో తమ గదిలో, వేలాడదీసిన మాంసం వెనక దాక్కున్నాడు. ఇంట్లో మిష్ దొరక్కపోయేసరికి, వాడి బదులు వాళ్ళమ్మను లాక్కెళ్ళారు. ఆమెది తీసుకెళ్ళే వయసు కాదు. అయినా మనుషుల లెక్క సరిపోవాలి. వీధిలో ఆమె కూలబడితే ఒక సైనికుడు తుపాకీ మడమతో వీపు మీద కొట్టాడు. ఆమె అరుపు గోడ పైదాకా వినిపించింది.

మిష్ నిచ్చెన మీంచి దూకి, మంచులో పరుగెత్తుకొచ్చాడు. ఒక బూటు ఎక్కడో ఊడిపోయింది. ఇంటి గేటుకు అడ్డంగా వేసే ఓక్ దూలాన్ని లాగి, ఆ సైనికుడి దవడ మీద కొట్టాడు. ఇంకొకణ్ణి కొట్టాడు. తర్వాత వాళ్ళంతా మీద పడ్డారు. అంకుల్ గేటు సందులోంచి చూశారు. కదలడం మానేసేదాకా తన్నారు. కదలడం మానేశాక కూడా తన్నారు. తర్వాత బండిలో పడేశారు.

"కావలసినవాడు దొరికాడు కదా, అందుకని అమ్మను వదిలేశారు" అన్నారు అంకుల్. "మిష్‌కు అప్పటికి స్పృహ లేదు. వాడు రైలు పెట్టెలోనే చనిపోయాడని, దారిలో పట్టాల పక్కన పడేశారని, గనుల నుంచి తిరిగొచ్చిన ఒకాయన చెప్పాడు. అమ్మ తొంభై ఏళ్ళు బతికింది. జర్మనీ వచ్చాక పోయింది. ఇప్పుడు ఊళ్ళో మావాళ్ళు ఎవరూ లేరు. మా ఇంట్లో రుమేనియా వాళ్ళు ఉంటున్నారు. మంచివాళ్ళు."

"అయితే వాడింకా కొడుతూనే ఉన్నాడన్న మాట" అన్నారు. నన్ను కాపాడాడన్న సంతోషం ఆ ముఖంలో లేదు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నారు.

నేను ఇదంతా నమ్మానని అనుకోకండి. ముసలాయనకు ఏదో పాత బాధ కదిలింది, శబ్దాలు కలిశాయి అనుకున్నాను. ఒక బూటు సంగతి మాత్రం ఎటూ సర్దుకోలేదు. సార్జెంటు చెప్పిన వర్ణన నేను ఆయనకు చెప్పలేదు.

గార్డ్స్ ఇంకో రెండుసార్లు పిలిచారు. విరిగిన కుడిచేత్తో నేను ఎవరినీ కొట్టగలిగే స్థితిలో లేనని డాక్టరు రాసిచ్చాడు. కొట్టింది నేను కాదని కుర్రాళ్ళే చెబుతున్నారు. కొట్టినవాడు దొరకడు. కేసు ముందుకూ పోక, మూతా పడక నానింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం తలుపు తడితే మాధవి తీసింది. ఒక ఐరిష్ ఆవిడ, ఆమె వెనక హుడీ వేసుకున్న కుర్రాడు. దవడకు తీగలు కట్టి ఉన్నాయి. కర్రతో నా మణికట్టు విరగ్గొట్టినవాడు. కానర్ అందాం. మాధవి తలుపు వేయబోయింది.

"నా కొడుకు చేసింది తప్పే. దానికి ఏ శిక్ష వేసినా ఒప్పుకుంటాం" అంది ఆవిడ. "కానీ మీ వాణ్ణి ఆపండి. వీణ్ణి చంపేస్తాడు."

కుర్రాడు చొక్కా పైకెత్తాడు. డొక్కల మీద, వీపు మీద, నల్లగా, పచ్చగా, పొడుగాటి చారలు. కొన్ని పాతవి, కొన్ని అప్పుడే కమిలినవి. ఆగస్టు నుంచి ఆగలేదట. బడిలో, బస్సులో, ఎక్కడున్నా హఠాత్తుగా దెబ్బ పడుతుందట. కొట్టేవాడు వాడికి కనిపిస్తాడు, ఇంకెవరికీ కనిపించడు. తనను తానే కొట్టుకుంటున్నాడని డాక్టరు అన్నాడట. కానీ వంటగదిలో తన కళ్ళ ముందే జరిగిందని ఆవిడ చెప్పింది. పిల్లాడు రెండు చేతులతో టీ కప్పు పట్టుకుని నిలబడి ఉండగా తల ఒక పక్కకు విసిరేసినట్టు తిరిగిందట, పన్ను ఊడి సింకులో పడిందట.

ముందు నాకు కలిగింది జాలి కాదు. బాగా అయింది అనిపించింది. ఆ చారలను రెండోసారి చూశాక అలా అనిపించలేదు.

మార్టిన్ అంకుల్‌కు చెప్పాను. ఆయన నా వైపు చూడకుండా అన్నారు.

"కొట్టనివ్వు."

"అంకుల్, వాడు పిల్లాడు."

"మా అన్న మాత్రం పిల్లాడు కాదా?"

నాలుగు రోజులు బెంచీ దగ్గరికి రాలేదు. ఐదో రోజు కెర్స్టిన్ వచ్చి, నాన్న ఆ అబ్బాయిని చూస్తానంటున్నారని చెప్పింది. తల్లీకొడుకులు వచ్చారు. అంకుల్ కానర్ గడ్డం కింద రెండు వేళ్ళు పెట్టి, ముఖం అటూ ఇటూ తిప్పి చూశారు. వయసెంత అని అడిగారు. వాడు తీగల మధ్య నుంచి చెప్పాడు. "మీసం కూడా రాలేదు" అని గొణుక్కుని, వాకర్ అందుకున్నారు. ఎక్కడ జరిగిందో చూపించమన్నారు.

మర్నాడు కాదు, అప్పుడే వెళ్ళాం. పట్టపగలు. మేం ఐదుగురం: అంకుల్, కెర్స్టిన్, నేను, కానర్, వాడి తల్లి. కుక్కతో ఒకాయన మమ్మల్ని దాటి పోయాడు. సరిగ్గా ఆ చోటుకు రాగానే కానర్ ఆగిపోయాడు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కంచె వైపు చూస్తూ వణుకుతున్నాడు. నాకు అక్కడ ఆకులు తప్ప ఏమీ కనిపించలేదు. ఆ వణుకు నటన కాదు. వాడి ప్యాంటు తడిసింది.

అంకుల్ వాకర్ వదిలేశారు. కెర్స్టిన్ పట్టుకోబోతే తోసేశారు. వాడికీ కంచెకూ మధ్య వెళ్ళి నిలబడ్డారు. తమ యాసలో పెద్ద గొంతుతో మాట్లాడారు. అంత గొంతు ఆయనలో ఉందని నాకు తెలియదు. ఏం చెప్పారో కెర్స్టిన్ తర్వాత తనకు అర్థమైనంత చెప్పింది.

"మిష్, నేను మార్టిన్. అమ్మను వదిలేశారు. అదే రోజు వదిలేశారు. ఆ రాత్రి నా పక్కనే పడుకుంది. ముసలిదై, మంచం మీద, మా అందరి మధ్య పోయింది. నువ్వే విడిపించావు. నీకు చెప్పేవాళ్ళు లేకపోయారు. ఇక చాలు, మిష్."

ఆయన మాట్లాడుతుండగా ఆయన భుజం ఒక్కసారి వెనక్కి కదిలింది, ఎవరో చేయి వేసినట్టు. వయసు మీద పడ్డ మనిషి, వాకర్ లేకుండా నిలబడ్డాడు, తూలి ఉండొచ్చు. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కానర్ మెల్లగా చేతులు దించాడు. వాడి చూపు కంచె దగ్గర్నుంచి నేల మీదకు, అక్కడి నుంచి కాలిబాట చివరకు కదిలింది.

"కింద పెట్టేశాడు" అన్నాడు. తర్వాత, "వెళ్ళిపోతున్నాడు" అన్నాడు.

వాడు చూస్తున్న వైపు మేమంతా చూశాం. ఖాళీ కాలిబాట, దాని చివర ట్రాము స్టాపు. అంకుల్ మాత్రం అటు చూడలేదు. కెర్స్టిన్ చెయ్యి పట్టుకుని, చలిగా ఉంది, ఇంటికి పోదాం అన్నారు.

ఆ రోజు నుంచి కానర్‌కు మళ్ళీ దెబ్బ పడలేదు. వాళ్ళమ్మ అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంది. "హీ ఈజ్ గ్రాండ్" అని, అంటే బాగున్నాడని. కుర్రాళ్ళ కేసు కోర్టుకు పోకుండా, పిల్లల కోసం ఉన్న పద్ధతిలో తేలింది. కానర్ మా ఇంటికి వచ్చి, మాధవి ముందు, ఆద్య ముందు క్షమాపణ చెప్పాడు. కొట్టిన మనిషి ఎవరన్న ఫైలు మాత్రం తేలకుండానే ఉండిపోయింది. మా పౌరసత్వం వచ్చింది. మార్టిన్ అంకుల్ తర్వాతి వసంతంలో నిద్రలో పోయారు. ఆ రోజు గురించి నాతో మళ్ళీ మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

టెస్టింగ్ చేసేవాణ్ణి కాబట్టి అన్ని దారులూ వెతికాను. గొడవలో కుర్రాళ్ళు ఒకర్నొకరు కొట్టుకున్నారనుకుందాం, అప్పుడు ఆ గొంతు ఎవరిది? ఎవరో దారిన పోయేవాడు కొట్టి పారిపోయాడనుకుందాం, కెమెరాలకు ఎందుకు చిక్కలేదు? దవడ విరిగిన పిల్లాడు భయంతో తనను తాను గాయపరచుకున్నాడనుకుందాం, ముసలాయన మాటలతో భయం తీరిందనుకుందాం. అది కొంత నమ్మొచ్చు. కానీ ఒక బూటు సంగతి అంకుల్ నోట వినడానికి చాలా ముందే ఆ పిల్లలు గార్డ్స్‌కు చెప్పారు. ఒకదానికి సరిపోయే జవాబు ఇంకోదాని దగ్గర విరిగిపోతోంది.

మొన్న కూడా ఆద్యను అడిగాను. ఇప్పుడు పెద్దదైంది. ఆ రోజు కాలిబాటలో ఎవరూ లేరని ఇప్పటికీ అంటుంది. ఉన్నాడని, చివరికి దూలం కింద పెట్టి నడుచుకుంటూ వెళ్ళిపోయాడని కానర్ ఇప్పటికీ అంటాడు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదని నాకు తెలుసు. అంతకు మించి నాకేమీ తెలియదు.